కరివేపాకు, మునగాకు సారం తీయడానికి సూపర్‌క్రిటికల్ మిషన్ కొనొచ్చా?

ఒక రైతు పంపిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. దేవరకొండ దగ్గర నాలుగెకరాల్లో కరివేపాకు, రెండెకరాల్లో మునగ వేశారు. రేటు పడిపోయినప్పుడు ఆకు కోసిన కూలి కూడా రావడం లేదు. సూపర్‌క్రిటికల్ సీఓటూ పద్ధతిలో ఆకుల నుంచి సారం తీసే వీడియోలు చూశారు. వాళ్ల కాక (బాబాయి) కొంత డబ్బు పెడతానంటున్నారు, మిగతాది బ్యాంకు లోన్. 5 లీటర్ల మిషన్ కొంటే ఈ ఆకుల్లోని ఔషధ గుణాలున్న పదార్థాలు తీసి అమ్ముకోవచ్చా? హెక్సేన్‌తో (పెట్రోలియం నుంచి వచ్చే ద్రావకం) తీయడం కంటే ఇది నిజంగా మేలా?

సూటిగా చెబుతాను. కరివేపాకుకు ఈ పద్ధతి బాగా సరిపోతుంది. మునగాకులో మీకు కావాల్సిన పదార్థాలకు సరిపోదు. రెండింటిలో దేనికోసమైనా ఇప్పుడే మిషన్ కొనొద్దు. చేతిలో ఉన్న డబ్బు ముందు ఆకు ఆరబెట్టే షెడ్డుకు పెట్టండి. సారం తీసే పని మొదట్లో జాబ్ వర్క్‌కు, అంటే కూలి తీసుకుని తీసిపెట్టే యూనిట్‌కు ఇవ్వండి. ఎందుకో వివరంగా రాస్తున్నాను, లోన్ సంతకాలు పెట్టకముందే ఇది కాకకు కూడా చదివి వినిపించండి.

నేను జడ్చర్ల వైపు ఒక ఎక్స్‌ట్రాక్షన్ యూనిట్‌లో చాలాకాలం ప్రొడక్షన్ చూశాను. ఇప్పుడు చిన్న యూనిట్లకు, రైతు సంఘాలకు ట్రయల్స్ చేయించి పెడుతుంటాను. విత్తనాలు, దినుసుల కంటే నా చేతుల మీదుగా ఎక్కువగా వెళ్లింది ఆకే.

ముందు ఈ పద్ధతిలో జరిగేదేమిటో తెలియాలి. కార్బన్ డయాక్సైడ్‌ను, అంటే సీఓటూను, 31 డిగ్రీల సెల్సియస్ పైన, 74 బార్ ఒత్తిడి పైన (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) ఉంచితే అది మామూలు గ్యాసూ కాదు, ద్రవమూ కాదు. ఆ స్థితినే సూపర్‌క్రిటికల్ అంటారు. గ్యాసుకు ఉండే చురుకుదనంతో ఆకు పొడి సందుల్లోకి దూరిపోతుంది. ద్రవానికి ఉండే బలంతో నూనెలను కరిగించుకుంటుంది. ఒత్తిడి తగ్గించగానే మళ్లీ గ్యాసైపోయి వెళ్లిపోతుంది, అది కరిగించుకున్నదంతా గిన్నెలో మిగులుతుంది. ఇంకో సుగుణం కూడా ఉంది. ఒత్తిడి మారిస్తే దాని సాంద్రత మారుతుంది, సాంద్రతతో పాటే కరిగించే శక్తి మారుతుంది. 40 డిగ్రీల దగ్గర, 80 బార్‌లో లీటరు సీఓటూ బరువు సుమారు 280 గ్రాములు. 100 బార్‌కు వెళ్తే 630 గ్రాములు. 300 బార్‌లో 910 గ్రాములు. ఒకే గ్యాసుతో తక్కువ ఒత్తిడిలో సువాసన నూనెలు, ఎక్కువ ఒత్తిడిలో బరువైన పదార్థాలు విడివిడిగా తీయొచ్చన్నమాట. జర్మనీలో కర్ట్ జోసెల్ 1960ల్లో దీన్ని గమనించాకే కాఫీ గింజల నుంచి కెఫీన్ తీసే ఫ్యాక్టరీలు వచ్చాయి. ఆ తర్వాత బీరులో వేసే హాప్స్‌కు, ఆకుల్లోనైతే రోజ్‌మేరీకి ఇది స్థిరపడిన పద్ధతి అయింది.

అయితే సీఓటూకు నూనె గుణమున్న పదార్థాలే ఇష్టం. నీళ్లలో కరిగేవాటిని అది పట్టించుకోదు. ఈ ఒక్క విషయం తెలియక జనం లక్షలు పోగొట్టుకుంటున్నారు. మిషన్ అమ్మేవాళ్లు ఇది అబద్ధం చెప్పరు, కానీ అడగనిదే చెప్పరు.

మీ మునగాకు సంగతి ఇక్కడే తేలిపోతుంది. మునగాకుకు మార్కెట్లో పేరు తెచ్చినవి క్వెర్సెటిన్, కెంఫెరాల్ వంటి ఫ్లేవనాయిడ్లు, క్లోరోజెనిక్ ఆమ్లం. ఆకులో ఆ ఫ్లేవనాయిడ్లు ఎక్కువ భాగం చక్కెరలతో జతకట్టి ఉంటాయి, అందుకే నీళ్లకు, ఆల్కహాల్‌కు లొంగుతాయి. షాద్‌నగర్ వైపు నుంచి ఒక పార్టీ మునగాకు పొడి తెచ్చి క్వెర్సెటిన్ ఎక్కువున్న సారం కావాలన్నారు. రాదని చెప్పినా ఒక ట్రయల్ వేసి చూద్దామన్నారు. 300 బార్‌లో వచ్చింది ఆకు మీది మైనం, కొంత కొవ్వు పదార్థం, కెరోటినాయిడ్ల రంగు. క్వెర్సెటిన్ లెక్కకు రానంత. మిషన్‌లో మిగిలిన పిప్పిని నీళ్లు కలిపిన ఆల్కహాల్‌లో నానబెట్టి తీస్తే వాళ్లడిగింది అందులో వచ్చింది. దానికి స్టీలు ట్యాంకు, వడపోత, వ్యాక్యూమ్‌లో ఆవిరి చేసే పాత్ర చాలు. ఆల్కహాల్ వాడాలంటే ఎక్సైజ్ అనుమతి తప్పదు, అది గుర్తుంచుకోండి.

సీఓటూలో ఐదు నుంచి పది శాతం ఆల్కహాల్ కలిపితే ఫ్లేవనాయిడ్లు కూడా వస్తాయని కొందరు చెబుతారు. కొంతవరకు నిజమే. కానీ దాంతో పాటు ఆకు పచ్చదనం, అంటే క్లోరోఫిల్ కూడా విపరీతంగా దిగుతుంది. చేతికి వచ్చేది చిక్కటి నల్లపచ్చ ముద్ద. దాన్ని శుభ్రం చేసే ఖర్చు చూస్తే ముందే నీళ్లు, ఆల్కహాల్ దారిలో వెళ్లడం నయం. మీ రెండెకరాల మునగకు నా సలహా అయితే ఇంకా చిన్నది: రంగు చెడకుండా ఆరబెట్టి, మంచి పొడి చేసి అమ్మండి. కాయలు ముదిరితే గింజల్లో నూటికి 35 నుంచి 40 పాళ్లు నూనె ఉంటుంది, దానికి గానుగ సరిపోతుంది.

ఇక కరివేపాకు. ఇందులో మనకు కావాల్సినవి రెండు రకాలు. ఒకటి వాసననిచ్చే నూనె, అంటే కారియోఫిలిన్, పైనీన్ లాంటివి. రెండోది మహానింబిన్, కోయెనింబిన్ వంటి కార్బజోల్ ఆల్కలాయిడ్లు. పరిశోధనల్లో కరివేపాకు పేరు ఎక్కువగా వినపడేది వీటివల్లే. రెండూ నూనె గుణమున్నవే, సీఓటూకు లొంగుతాయి. వాసన నూనె 90, 100 బార్‌లోనే కదులుతుంది. ఆల్కలాయిడ్లకు 250, 300 బార్ దాకా వెళ్లాలి, అప్పుడు ఆకు మైనం కూడా వెంట వస్తుంది. అందుకే మంచి యూనిట్లలో వరసగా రెండు సెపరేటర్లు, అంటే గ్యాసు నుంచి సారం విడిపోయే పాత్రలు పెడతారు. మొదటిదాన్ని 90 బార్ చుట్టుపక్కల ఉంచి బరువైనవి, మైనం అక్కడే పడిపోయేలా చేస్తారు. రెండోది 50, 60 బార్‌లో ఉంటుంది, తేలికైన నూనె అందులో దిగుతుంది.

సారం దింపడం చూస్తే ఈ పని మీకు బాగా అర్థమవుతుంది. మొదటి సెపరేటర్ కింద వాల్వ్‌ను చాలా కొద్దిగా తెరవాలి. సారంలో కరిగి ఉన్న గ్యాసు ఒక్కసారిగా విడుదలై, గాజు పాత్రలో అది పొంగు వచ్చిన పాలలా అంచు దాకా లేస్తుంది. వాల్వ్ మూతి మీద తెల్లటి మంచు పేరుకుంటుంది, చేతికి గ్లౌజు లేకపోతే చర్మం అతుక్కుంటుంది. కాసేపు ఆగితే నురగ అణిగి అడుగున ముదురు ఆకుపచ్చ ముద్ద మిగులుతుంది. రెండో సెపరేటర్ నుంచి వచ్చేది పలచటి పసుప్పచ్చ నూనె. ఒక్క చుక్క వేలికి అంటితే సబ్బు పెట్టి కడిగినా సాయంత్రం దాకా పోపు వాసన పోదు. అదే కరివేపాకును హెక్సేన్‌తో తీసి, హెక్సేన్‌ను వేడితో ఎగరగొట్టాక వాసన చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

అయితే ఆ వాసన మిషన్ ఇచ్చేది కాదు, ఆరబెట్టే చోట కాపాడుకోవాల్సింది. మన వైపు వడ్లు, మక్కలు ఆరబోసినట్టే ఆకును కూడా సిమెంటు గచ్చు మీదో, రోడ్డు మీదో ఎండకు వేసేస్తారు. ఏప్రిల్ ఎండలో నల్గొండలో గచ్చు ఎంత కాలుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. సాయంత్రానికి ఆకు గలగలమంటుంది, నిజమే. కానీ రంగు గోధుమకు మారుతుంది, వాసన నూనెలో పెద్ద భాగం గాలిలో కలిసిపోతుంది. ఆ ఆకును ఎంత ఖరీదైన మిషన్‌లో వేసినా మైనమే దిగుతుంది. రేకుల షెడ్డు కింద పెట్టినంత మాత్రాన నీడ అనుకోవద్దు, మధ్యాహ్నం రేకు కింద వేడి బయటికంటే ఎక్కువ ఉంటుంది.

కావాల్సింది నీడ, గాలి, 40 నుంచి 45 డిగ్రీలు దాటని వేడి. తెరల అరలు, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, లేదా ఉష్ణోగ్రత అదుపు ఉన్న సోలార్ డ్రయ్యర్. ఈనెలు, పుల్లలు తీసేయాలి, వాటిలో సారం లేదు, పొడి నింపే వెసెల్‌లో (ఒత్తిడి పాత్రలో) చోటు మాత్రం తింటాయి. తేమ పది శాతం లోపు రావాలి. తేమ ఎక్కువుంటే నీరు కూడా బయటికి వచ్చి, ఒత్తిడి పడిపోయే వాల్వ్ దగ్గర గడ్డకట్టి లైను మూసుకుపోతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇంకో తలనొప్పి, ఆకు పైకి ఎండినట్టే ఉండి సంచిలో బూజు పడుతుంది. వానాకాలంలో కోసే ఆకుకు డ్రయ్యర్ లేకుండా ఈ వ్యాపారం ఆలోచించొద్దు.

వేడి గురించి ఒక విషయం గుర్తొచ్చింది. మలేరియాకు ఆర్టెమిసినిన్ ఇచ్చే మొక్క మీద చైనాలో తూ యూయూ బృందం 1970ల మొదట్లో పనిచేస్తున్నప్పుడు, మామూలుగా మరిగించి తీసిన సారం సరిగా పనిచేయలేదు. తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో తీస్తే పనిచేసింది. ఆ పనికి ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. ఆకులోని పదార్థం వేడికి ఎంత సున్నితమో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

పొడి విషయం తొందరగా చెప్పేస్తాను. సుమారు అర మిల్లీమీటరు సైజు బాగుంటుంది. మెత్తగా పిండి చేస్తే గ్యాసు అంతటా పారకుండా ఒక పక్కన దారి చేసుకుని పోతుంది, సగం పొడి తాకకుండా మిగిలిపోతుంది. మర పట్టాక నిల్వ ఉంచొద్దు, ఆ రోజుది ఆ రోజే ఎక్కించాలి.

ఇప్పుడు మీ 5 లీటర్ల మిషన్ లెక్క వేద్దాం. ఆకు పొడి తేలిక, లీటరుకు 300 గ్రాముల చుట్టుపక్కలే పడుతుంది. అంటే ఒక బ్యాచ్‌కు కిలోన్నర. నింపడం, ఒత్తిడి ఎక్కించడం, తీయడం, దించడం అన్నీ కలిపి మూడు గంటలు. రోజుకు నాలుగు బ్యాచ్‌లు లాగితే ఆరు కిలోలు. ఎండిన ఆకు నుంచి నూటికి రెండు పాళ్ల సారం వచ్చిందనుకుంటే రోజుకు 120 గ్రాములు. ఇంకో వైపు చూడండి. టన్ను పచ్చి ఆకు ఆరితే సుమారు పావు టన్ను, అంటే 250 కిలోలు. దాన్ని ఈ మిషన్‌తో తీయడానికి 40 రోజులు పైనే పడుతుంది. మీ నాలుగెకరాల్లో ఒక కోతకే టన్నులు వస్తాయి. 5 లీటర్లది ట్రయల్ మిషన్, తయారీ మిషన్ కాదు. తయారీకి వందల లీటర్ల వెసెల్స్ కావాలి, అప్పుడు ఖర్చు కోట్లలోకి వెళ్తుంది, ఏడాది పొడవునా ఆకు చాలదు. అందుకే ఆ స్థాయి ప్లాంట్లు ఒకే ఆకు మీద బతకవు, సీజన్‌ను బట్టి మిరియాలు, అల్లం, పసుపు, గింజలు మార్చుకుంటూ నడుస్తాయి.

మన వాతావరణంతో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, చలి దేశాల్లో తయారైన మిషన్ల పుస్తకాల్లో ఇది కనిపించదు. సీఓటూ 31 డిగ్రీలు దాటితే ద్రవంగా ఉండలేదు. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా షెడ్డులో 40 పైనే. సిలిండర్‌లోనే సీఓటూ సూపర్‌క్రిటికల్ అయిపోయి ఉంటుంది, గేజు మీద ఒత్తిడి వంద బార్ దాటి కనిపిస్తుంది. ద్రవం కోసం తయారైన పంపుకు దాన్ని అలాగే ఇస్తే పంపు తిరుగుతూనే ఉంటుంది, ఒత్తిడి మాత్రం ఎక్కదు. అందుకే పంపుకు ముందు చిల్లర్ పెట్టి ఐదు డిగ్రీల లోపుకు చల్లబరుస్తారు. ఎండాకాలం చాలడం కోసం చిల్లర్‌ను కంపెనీ చెప్పిన దానికంటే ఒక సైజు పెద్దది తీసుకోవాల్సి వస్తుంది. కూలింగ్ టవర్‌కు మన బోరు నీళ్లు నేరుగా వాడితే పైపుల్లో సున్నం గట్టిగా పేరుకుంటుంది, సాఫ్ట్‌నర్ తప్పదు. బ్యాచ్ మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి వస్తుంది, జనరేటర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. సిలిండర్లను ఎండలో నిలబెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

పురుగుమందుల సంగతి మీరు అడగలేదు, కానీ నా దృష్టిలో మీకు అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఇదే. కరివేపాకుకు మన వైపు మందులు గట్టిగా కొడతారు. యూరప్‌కు వెళ్లే మన కరివేపాకు మీద అవశేషాల తనిఖీలు పెంచింది అందుకే. ఆ మందుల్లో చాలావరకు నూనెలో కరిగేవే, కాబట్టి సీఓటూ వాటిని కూడా సారంతో పాటు లాగేస్తుంది. నూటికి రెండు పాళ్ల సారం వస్తుందంటే, ఆకులో ఉన్న అవశేషం సారంలో యాభై రెట్ల దాకా చిక్కబడొచ్చు. ఆకుగా పరీక్షలో పాసైన సరుకు సారంగా ఫెయిల్ కావడం నేను చూశాను. ఆ రైతు పాపం ఆకు రిపోర్టు చేతిలో పట్టుకుని, ఇది ఎలా సాధ్యమని అడిగాడు. సారం తీసే ఉద్దేశం ఉంటే కనీసం ఒక ఎకరమైనా వేపనూనె, వేపగింజల కషాయం లాంటి వాటితో విడిగా పెంచడం ఇప్పుడే మొదలుపెట్టండి.

పాలమూరు వైపు నుంచి నన్ను ఎక్కువగా అడిగేది సీతాఫలం ఆకు. బాలానగర్ సీతాఫలం పేరున్న ప్రాంతం కదా, ఆకుకు కొదవ లేదు. అందులోని అసిటోజెనిన్లు పురుగుల మీద బలంగా పనిచేస్తాయి, నూనె గుణమున్నవి కాబట్టి సీఓటూకు వస్తాయి కూడా. కానీ అవి నరాలకు హాని చేయగల పదార్థాలు. పురుగులకు వాడే దిశలో పరిశోధన చేస్తామంటే నేను సాయం చేస్తాను. క్యాన్సర్‌కు మందని క్యాప్సూల్స్ చేసి అమ్ముతామనేవాళ్లకు చేయను, మీరూ ఆ జోలికి వెళ్లొద్దు. వేపాకు తెచ్చి, వేపలో పురుగుల మీద పనిచేసే అజాడిరాక్టిన్ తీయమనేవాళ్లూ ఉన్నారు. అది ప్రధానంగా గింజ పప్పులో ఉంటుంది, ఆకు కోసి లాభం లేదు.

హెక్సేన్ కంటే మేలా అన్నారు. సారం నాణ్యతలో, కరివేపాకు వరకు, స్పష్టంగా మేలు. సారంలో ద్రావకం మిగలదు, వేడి తక్కువ, మైనాన్ని వేరు చేయొచ్చు. పిప్పి కూడా శుభ్రంగా వస్తుంది, దాన్ని ఆ తర్వాత నీళ్లలో తీసుకోవచ్చు. హెక్సేన్ 69 డిగ్రీలకు మరుగుతుంది, దాన్ని వదిలించేటప్పుడు తేలికైన వాసనలు దానితో పాటే పోతాయి. మంటకు అంటుకునే గుణం ఉంది కాబట్టి ఊరి మధ్య షెడ్డులో పెట్టే పని కూడా కాదు. ఖర్చులో మాత్రం హెక్సేన్‌దే పైచేయి. సోయా, తవుడు నూనెల్లాంటి చౌక సరుకుకు సీఓటూ పోటీ పడలేదు. మీకు సొంతంగా ఒక మిషన్ ఉండాల్సిందే అనిపిస్తే, కరివేపాకు వాసన నూనె వరకు ఆవిరితో తీసే డిస్టిలేషన్ యూనిట్ పెట్టుకోండి. ఆల్కలాయిడ్లు అందులో రావు. కానీ పెట్టుబడి చాలా తక్కువ, ఊళ్లో వెల్డర్ కూడా రిపేరు చేయగలడు, అదే యూనిట్‌లో నిమ్మగడ్డి, పామరోజా (ఇంకో సువాసన గడ్డి) నూనెలు కూడా తీయొచ్చు. హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉన్న సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర పరిశోధన సంస్థ) కేంద్రం పనిచేసేదే ఇలాంటి పంటల మీద, ఒకసారి వెళ్లి మాట్లాడి రండి.

భద్రత గురించి రెండు మాటలు, ఎందుకంటే సెకండ్‌హ్యాండ్ మిషన్లు చౌకగా వస్తున్నాయని కొందరు మీకు ఫోన్లు చేస్తారు. 15 సెంటీమీటర్ల అడ్డం ఉన్న మూత మీద 300 బార్ అంటే 54 టన్నుల తోపుడు. ఒత్తిడి పూర్తిగా దిగే దాకా మూత తెరుచుకోకుండా ఆపే ఇంటర్‌లాక్ లేని వెసెల్ దగ్గర నేను నిలబడను. అలాగే సీఓటూ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే కింద చేరుతుంది, రంగు వాసన ఉండదు. డిటెక్టర్‌ను నేలకు దగ్గరగా పెట్టాలి, గుంటలో గానీ సెల్లార్‌లో గానీ మిషన్ పెట్టకూడదు. సిలిండర్లు, పెద్ద ట్యాంకుల నిల్వ నిబంధనలు పెసో (పేలుడు పదార్థాలు, గ్యాసు సిలిండర్ల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పరిధిలోకి వస్తాయి. తినే సరుకైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు, ఆయుర్వేద మందుగా అమ్మితే ఆయుష్ లైసెన్సు, రెండూ వేరువేరు.

ముందుగా చేయాల్సిందల్లా ఇది. ఇరవై కిలోల ఆకును నీడన సరిగా ఆరబెట్టండి, ఐదు కిలోల చుట్టుపక్కల వస్తుంది. జాబ్ వర్క్ చేసే యూనిట్‌కు ఇచ్చి రెండు రన్‌లు అడగండి, ఒకటి 100 బార్‌లో, ఇంకొకటి 300 బార్‌లో. సారం ఎంత వచ్చింది, పిప్పి ఎంత మిగిలింది, రెండూ తూకం వేసి రాసివ్వమనండి. నూనెలో ఏమేం ఉన్నాయో చెప్పే జీసీ-ఎంఎస్ రిపోర్టు, ఆల్కలాయిడ్లు ఎంతున్నాయో కొలిచే హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు, సారంలో పురుగుమందుల అవశేషాల రిపోర్టు తీసుకోండి. ఆ మూడు కాగితాలు, పది గ్రాముల శాంపిల్ పట్టుకుని కొనేవాళ్ల దగ్గరికి వెళ్లండి. వాళ్లు కిలోకు చెప్పే రేటు చేతికొచ్చాకే లోన్ మాట. ట్రయల్‌కు ఆకు పంపేటప్పుడు సంచి మీద కోసిన తేదీ, చివరిసారి మందు కొట్టిన తేదీ, ఏ మందో రాసి పంపండి. రిపోర్టులో తేడా వస్తే కారణం వెతకడానికి ముందుగా కావాల్సింది ఆ వివరాలే.